పథ్యమంటే దారి తప్పకపోవడం

(రథసప్తమి పర్వదినాన ఆలయ మండపంలో చేసిన ప్రసంగానికి లిఖితరూపం)



సూర్యజయంతినాడు ఆరోగ్యాన్ని గురించి నాలుగు మాటలు చెప్పవలసిందని ధర్మకర్తలు కోరారు. సూర్యోపాసన మహిమను చెప్పగలవారు ఈ సభలోనే పలువురు ఉన్నారు. అందుచేత నేను ఒక వ్యాధిని ఎంచుకున్నాను. పన్నెండేళ్ళుగా అది నా శరీరంలోనే కాపురం ఉంటున్నది. దాని పేరు సోరియాటిక్ ఆర్థరైటిస్. నేను వైద్యుడను కాను. ప్రాచ్య కళాశాలలో వ్యాకరణం బోధించి విరమించినవాడిని. మందుల మోతాదు చెప్పడం నా పని కాదు. మందు వాడుతున్న మనిషి తన దినచర్యను ఎలా దిద్దుకోవాలి, అందులోనూ మనవంటి ఆచారపరులు ఎలా దిద్దుకోవాలి అన్నదే నేటి విషయం.

ముందుగా వ్యాధి స్వరూపం. రోగాలతో పోరాడడానికి మన దేహంలో ఒక రక్షణవ్యవస్థ ఉన్నది. కోటను కాపాడవలసిన సేన కోటలోని ప్రజలమీదనే విరుచుకుపడితే ఎలా ఉంటుందో, ఆ వ్యవస్థ గతి తప్పినప్పుడు అలాగే ఉంటుంది. అది చర్మంమీద పడితే ఎర్రని మచ్చలు లేచి వెండిరంగు పొట్టు రాలుతుంది. దానిని సోరియాసిస్ అంటారు. కీళ్ళమీద, కండరాలను ఎముకకు బంధించే స్నాయువులమీద పడితే సోరియాటిక్ ఆర్థరైటిస్ అవుతుంది. సోరియాసిస్ ఉన్న ప్రతి ఐదుగురిలో ఇంచుమించు ఒకరికి ఈ కీళ్ళవాతం వస్తుందని వైద్యులు చెబుతారు. ఎక్కువమందికి ముందు చర్మంమీద కనిపించి, కొన్నేళ్ళకు కీళ్ళకు దిగుతుంది. కొద్దిమందికి కీళ్ళే ముందు పట్టుకుంటాయి.

దీనిని పోల్చుకొనే గుర్తులు కొన్ని ఉన్నాయి. ఒక వేలు మొదటినుండి కొసదాకా అరటిపండువలె ఉబ్బుతుంది. గోళ్ళమీద సూదితో పొడిచినట్లు సన్నని గుంటలు పడతాయి. మడమ వెనుక నరం పట్టినట్లు నొప్పి ఉంటుంది. ఉదయం లేవగానే కీళ్ళు బిగుసుకుపోయి, వదలడానికి అరగంట, ఒక్కొక్కప్పుడు గంటకు పైగా పడుతుంది. వయసు మీరినందువల్ల వచ్చే కీళ్ళ అరుగుదల నొప్పి పనిచేస్తే పెరిగి, విశ్రాంతితో తగ్గుతుంది. ఇది అందుకు విరుద్ధం. విశ్రాంతితో బిగిసి, కదిలితే సడలుతుంది. మరొక మాట. కీళ్ళవాతానికి చేసే ఆర్.ఎ. ఫ్యాక్టర్ రక్తపరీక్షలో వీరిలో చాలామందికి ఏమీ తేలదు. "పరీక్షలో ఏమీ లేదన్నారు" అని నిశ్చింతగా కూర్చోరాదు. చర్మంమీద మచ్చలు ఉండి కీళ్ళు ఉబ్బినవారు ఆ రెంటినీ ఒకే వైద్యునికి చూపించి తీరాలి. నా విషయంలో రుమటాలజిస్టు మొదట చూసినది మోకాలిని కాదు, నా గోళ్ళను. కొద్దినెలల ఆలస్యంలోనే కీలు శాశ్వతంగా వంకరపోయే ప్రమాదం ఈ వ్యాధిలో ఉన్నది. పోయిన కీలును ఏ మందూ తిరిగి తేలేదు.

ఇక్కడ ఒక పదాన్ని గురించి చెప్పాలి. ఆయుర్వేద గ్రంథాలలో కుష్ఠమనే మాట చర్మవ్యాధుల సమూహానికంతటికీ పేరు. చరక సంహిత అందులో పద్ధెనిమిది భేదాలను చెప్పింది. ఈనాటి ఆయుర్వేద వైద్యులు కొందరు సోరియాసిస్‌ను వాటిలోని ఏకకుష్ఠంతో, కొందరు సిధ్మంతో పోలుస్తారు. కాని తెలుగు వాడుకలో కుష్ఠు అనే మాట ఒక్క వ్యాధికే పరిమితమై, దానితోపాటు భయాన్నీ వెలినీ మోసుకొచ్చింది. శాస్త్రపదానికీ వాడుకపదానికీ మధ్య ఉన్న ఈ దూరం ఎందరినో బాధించింది. సోరియాసిస్ అంటువ్యాధి కాదు. తాకితే రాదు, తీర్థం పుచ్చుకుంటే రాదు, పక్కన కూర్చుంటే రాదు. 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాల మహాసభ దీనిని గురించి ప్రత్యేకంగా ఒక తీర్మానమే చేసి, ఇది అంటని వ్యాధి అని ప్రకటించింది.

నాకు తెలిసిన ఒక యువ అర్చకునికి చేతులమీద ఈ మచ్చలు ఉన్నాయి. తీర్థం ఇవ్వబోతే ఇద్దరు ముగ్గురు చేతులు వెనక్కు తీసుకున్నారు. ఆ అబ్బాయి ఆనాటినుండి చేతులు ఉత్తరీయంలో దాచుకొని తిరగడం మొదలుపెట్టాడు. నా దగ్గరకు వచ్చి, "గురువుగారూ, నా పాపమే ఇలా పైకి కనిపిస్తున్నదంటున్నారు. నిజమేనా?" అని అడిగాడు. "నాయనా, పాపపుణ్యాల లెక్క చూసేవాడు వేరే ఉన్నాడు. ఆ లెక్క మనచేత చూడమని ఎవరికీ అప్పగించలేదు. నీ వేళ్ళ కణుపులు ఉబ్బుతున్నాయా, అది చెప్పు" అన్నాను. ఉబ్బుతున్నాయన్నాడు. వారంలోగా వైద్యుని దగ్గరకు పంపించాము. వ్యాధికంటె ముందు ఆ పిల్లవానిని కుంగదీసినది మన చూపు. ఈ సభనుండి మీరు ఒక్క విషయమే ఇంటికి తీసుకువెళ్ళదలచుకుంటే ఇది తీసుకువెళ్ళండి: మచ్చలున్న చేతితో ఇచ్చిన తీర్థం తీర్థమే.

ఇక దినచర్య. మనం రోజూ పలికే పథ్యమనే మాటకు అర్థం చూద్దాం. వంకాయ తినకూడదు, పెరుగు ముట్టకూడదు అనే నిషేధాల పట్టికనే మనం పథ్యమనుకుంటాము. పాణిని ధర్మ్యం, పథ్యం, అర్థ్యం, న్యాయ్యం అనే నాలుగు పదాలను ఒకే సూత్రంతో సాధించాడు. ధర్మంనుండి తొలగనిది ధర్మ్యం, న్యాయంనుండి తొలగనిది న్యాయ్యం. ఆ విధంగానే పథంనుండి, అంటే మార్గంనుండి, తొలగనిది పథ్యం. ఆహారం అందులో ఒక భాగం మాత్రమే. నిద్ర, నడక, స్నానం, కూర్చొనే తీరు, వేళకు మందు, ఇవన్నీ పథ్యమే. వాగ్భటుడు అష్టాంగహృదయంలో రెండవ అధ్యాయాన్నే దినచర్యకు కేటాయించాడు. చికిత్సాస్థానం ఎంతో తరువాత వస్తుంది. ఆ క్రమంలోనే ఒక ఉపదేశం ఉన్నది.

ఉదయంతో మొదలుపెడతాను. మెలకువ వచ్చిన వెంటనే నేను మంచం దిగను. పడుకునే పిడికిలి మూసి తెరుస్తాను, మణికట్టు తిప్పుతాను, చీలమండలను ముందుకూ వెనుకకూ ఆడిస్తాను, మోకాళ్ళను ఒక్కొక్కటిగా ముడిచి చాపుతాను. పది నిమిషాలు చాలును. ఆ తరువాత గోరువెచ్చని నీటితో స్నానం. తెల్లవారుజామున చన్నీటి స్నానమే ఆచారమని కొందరు పట్టుబడతారు. ధర్మశాస్త్రం ఏడు విధాల స్నానాలను చెప్పింది. వాటిలో నీటితో చేసే వారుణస్నానంతోపాటు మంత్రస్నానమూ ఉన్నది, మానసస్నానమూ ఉన్నది. జబ్బుపడినవాడిని దృష్టిలో పెట్టుకొని ఇంత వెసులుబాటు ఇచ్చిన శాస్త్రం గోరువెచ్చని నీటిని కాదనదు. నీరు మరీ వేడిగా ఉండరాదు, చర్మం ఎండిపోతుంది. ఒంటి తడి పూర్తిగా ఆరకముందే వైద్యులు చెప్పిన లేపనమో, కొబ్బరినూనెయో రాసుకోవాలి. ధనుర్మాసపు చలిగాలిలో ఇది మరింత అవసరం.

నలుగు పెట్టి గట్టిగా రుద్దడం, పొట్టును గోటితో గీకి తీయడం ఈ చర్మానికి పనికిరావు. ఈ వ్యాధికి ఒక స్వభావం ఉన్నది. చర్మానికి దెబ్బ తగిలినచోట, గీరుకున్నచోట కొత్త మచ్చ పుట్టవచ్చు. తలనీలాలు మొక్కుకున్నవారు తలమీద మచ్చలు విజృంభించి ఉన్నప్పుడు కత్తి తగలనివ్వక, తగ్గిన తరువాత మొక్కు చెల్లించుకోవడం మంచిది. స్వామి వాయిదాకు ఒప్పుకుంటాడు. ఈ రథసప్తమి స్నానంలో తలమీద, భుజాలమీద జిల్లేడాకులు పెట్టుకుంటాము. ఆ ఆకు తుంచినప్పుడు వచ్చే పాలు చర్మాన్ని మండిస్తాయి, కంటిలో పడితే హాని చేస్తాయి. మచ్చలున్నవారు తుంచిన ఆకును కడిగి, పాలు లేకుండా చూసుకొని పెట్టుకోవాలి. పుండ్లు ఉంటే రేగుపండుతోనే సరిపెట్టుకోవాలి. కీళ్ళకు జిల్లేడాకు కాచి కట్టే అలవాటున్నవారు మచ్చలమీద మాత్రం కట్టరాదు.

సూర్యుని విషయానికి వద్దాం. శ్రీకృష్ణుని కుమారుడైన సాంబుడు సూర్యారాధనతో చర్మరోగాన్ని పోగొట్టుకున్నాడని పురాణకథ. మన శ్రీకాకుళం దగ్గర అరసవల్లికి చర్మరోగులు వెళ్ళి మొక్కుకోవడం తరతరాల ఆచారం. కాంతికి చర్మాన్ని బాగుచేసే శక్తి ఉన్నదన్నది ఆధునిక వైద్యమూ ఒప్పుకున్న విషయమే. కాంతితో చర్మక్షయకు చికిత్స చేసిన నీల్స్ ఫిన్సెన్ అనే వైద్యునికి 1903లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈనాడు చర్మవైద్యులు సోరియాసిస్‌కు కొలత ప్రకారం అతినీలలోహిత కాంతిని ఇస్తారు. లేత ఎండలో కొద్దిసేపు నిలబడి అర్ఘ్యమివ్వడం మంచిదే. చర్మం కందేదాకా నిలబడడం వ్యాధిని రెచ్చగొడుతుంది. ఇంకొకటి గుర్తుంచుకోవాలి. కాంతి చర్మానికి మేలు చేస్తుంది. కీళ్ళలోని వాపును అది తీర్చదు. మచ్చలు తగ్గాయి గనుక కీళ్ళ మందు ఆపవచ్చునని అనుకోకూడదు. సాంబుని కథలో కూడా ఉన్నది ఒక్కనాటి అద్భుతం కాదు, దీర్ఘకాలపు నియమం.

కూర్చొనే తీరు గురించి. పద్మాసనంలో కూర్చుంటేనే జపమనే నియమం ఉబ్బిన మోకాలికి వర్తించదు. నేను పీటమీద కూర్చొని సంధ్యావందనం చేసేవాడిని, ఇప్పుడు కుర్చీలో చేస్తున్నాను. అరగంటకు ఒకసారి లేచి నాలుగడుగులు వేస్తాను. పుస్తకాన్ని చేతితో పట్టుకోను, వ్యాసపీఠంమీద పెట్టుకుంటాను. మన పెద్దలు గ్రంథగౌరవానికి ఏర్పరచిన ఆ పీఠం నా వేళ్ళకూ ఉపకారి అయింది. కలానికి గుడ్డ చుట్టి లావు చేసుకున్నాను. నీళ్ళ బిందెను వేళ్ళతో ఎత్తడం మానాను; చిన్న పాత్రలో రెండు చేతులతో తెచ్చుకుంటాను. మడమ నొప్పి ఉన్నవారు ఇంట్లో మెత్తని చెప్పులు వాడాలి. ఆలయంలో రాతినేల చల్లగా, ఎగుడుదిగుడు లేకుండా ఉన్నచోట నిదానంగా ప్రదక్షిణ చేయాలి. నూట ఎనిమిది మొక్కుకున్నవారు రోజుకు తొమ్మిది చొప్పున పన్నెండు రోజులలో పూర్తి చేయవచ్చును.

నడక ప్రతిదినమూ ఉండాలి. కీలు ఎర్రబడి వేడిగా ఉబ్బిననాడు ఆ కీలుకు విశ్రాంతి ఇవ్వాలి, శరీరానికంతటికీ కాదు. సూర్యనమస్కారాలు చేసేవారు మణికట్టు, మడమ నొప్పిగా ఉన్నరోజున మానుకొని, నిలబడి చేతులు జోడించినా సూర్యుడు నమస్కారప్రియుడే.

ఆహారంలో ఈ వ్యాధిని పోగొట్టే ప్రత్యేకమైన పదార్థం ఏదీ లేదు. కాని బరువుకు దీనితో గట్టి సంబంధం ఉన్నది. ఒంటిలో పేరుకున్న కొవ్వు వాపును పెంచే రసాయనాలను పుట్టిస్తుంది. మోకాళ్ళమీద భారం సరేసరి. లావుగా ఉన్నవారు కొంత బరువు తగ్గితే మందు కూడా మెరుగుగా పనిచేస్తుంది. నేను ఏడాదిలో 79 కిలోలనుండి 72కు వచ్చాను. ఆలయాల చుట్టూ తిరిగే జీవితంలో చక్కెరపొంగలి, పులిహోర, గారెలు తప్పవు. ప్రసాదం అరచేతిలో పట్టినంత అయితే ప్రసాదం, విస్తరినిండా అయితే భోజనం. ఇంట్లో కూరలు, ఆకుకూరలు, పప్పు పెంచి అన్నం తగ్గించాను. భగవద్గీత ఆరవ అధ్యాయంలో ఆహారవిహారాలలో, నిద్రలో, మెలకువలో మితం చెప్పబడింది. అది యోగికి చెప్పినా రోగికీ చెల్లుతుంది. పొగ, మద్యం ఈ వ్యాధిలో శత్రువులు. మెథోట్రెక్సేట్ అనే మందు వాడేవారికి మద్యం కాలేయాన్ని దెబ్బతీస్తుంది.

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన విషయం: వ్రతాలు, మందులు. నా పూర్వవిద్యార్థి ఒకరు నలభై ఒక్క రోజుల దీక్ష తీసుకున్నారు. దీక్షలో మందు మైలు అని ఎవరో చెప్పగా, వైద్యుని అడగకుండా అన్నీ ఆపివేశారు. దీక్ష ముగిసేనాటికి రెండు చేతులూ పిడికిలి పట్టని స్థితికి వచ్చాయి. మందులు మళ్ళీ మొదలుపెట్టాక వాపు తగ్గింది, కాని ఎడమచేతి ఉంగరపువేలు వంకరగా నిలిచిపోయింది. ఇక అది తిన్నబడదు. ఆయన భక్తిలో లోపం లేదు. ఆయనకు సలహా ఇచ్చినవారి శాస్త్రజ్ఞానంలో లోపం ఉన్నది. మహాభారతం ఉద్యోగపర్వంలో విదురుడు ధృతరాష్ట్రునికి, వ్రతాన్ని భంగపరచనివి ఎనిమిది ఉన్నాయని చెప్పాడు. నీరు, పాలు, ఫలం, గురువు మాట మొదలైన వాటితోపాటు ఔషధాన్ని కూడా ఆ లెక్కలో చేర్చాడు. మందు వేసుకుంటే వ్రతం చెడదని ఇంతకంటె స్పష్టంగా ఎవరు చెప్పాలి? ఏకాదశినాడు ఉపవాసమున్నవారు నొప్పిబిళ్ళను ఖాళీ కడుపున మింగరాదు. పాలో పండో పుచ్చుకొని వేసుకోవాలి, లేదా ఆనాడు ఏమి చేయాలో ముందే వైద్యుని అడగాలి. మధుమేహం ఉన్నవారు అడగకుండా ఉపవాసమే చేయరాదు.

మెథోట్రెక్సేట్ గురించి మరొక హెచ్చరిక. కీళ్ళవాతానికి దానిని వారానికి ఒక్కసారే వాడతారు. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. మాకు అది ఆదివారం. మా ఇంటావిడ పంచాంగంలో ఆదివారాలకు పసుపుతో బొట్టు పెడుతుంది, నేను మింగిన తరువాత పక్కన కుంకుమ బొట్టు పెడుతుంది. ఇంట్లో వృద్ధులు తమ మందులు తామే తీసుకుంటుంటే పిల్లలు ఈ ఒక్క మందును తప్పక గమనించాలి. వైద్యులు చెప్పిన గడువుకు రక్తపరీక్షలు చేయించుకోవాలి. సంతానం కోరుకునే దంపతులు ఆ మాట ముందే వైద్యునికి చెప్పాలి. గర్భిణులు ఆ మందు వాడరాదు. పేరూ వివరమూ లేని పొట్లాలలో వచ్చే పొడులను నమ్మకండి. వాటిలో స్టెరాయిడ్ కలిపి ఉంటే నాలుగురోజులు నొప్పి మాయమవుతుంది. ఆపిన వెంటనే చర్మం మొదటికంటె భయంకరంగా విజృంభించవచ్చు. ఆయుర్వేదం వాడదలచినవారు అర్హతగల వైద్యుని దగ్గర వాడండి. ఆ సంగతి రెండవ వైద్యునికీ తెలియజేయండి.

ఆలస్యం చేయరాని సందర్భాలు మూడు. కన్ను ఎర్రబడి, నొప్పిపెట్టి, వెలుతురు చూడలేకపోతే అది కళ్ళకలక అనుకోకుండా ఆనాడే నేత్రవైద్యుని చూడాలి. రోగనిరోధాన్ని తగ్గించే మందులు వాడుతుండగా జ్వరం వస్తే వెంటనే చెప్పాలి. జ్వరంతో ఒకే కీలు ఉన్నట్టుండి ఉబ్బితే ఆసుపత్రికి వెళ్ళాలి.

మనసు సంగతి కూడా పథ్యంలోదే. దురద, నొప్పి నిద్రను చెడగొడతాయి. నిద్రలేమి నొప్పిని పెంచుతుంది. రాత్రి ఒకే వేళకు పడుకోవడం నాకు ఔషధమంత ఉపకరించింది. ఈ వ్యాధి ఉన్నవారు దిగులులో పడిపోవడం సాధారణం. అది భక్తిలోపం కాదు, దానికీ చికిత్స ఉన్నది. ఇంట్లోవారు "ఎప్పుడూ ఇదే మూలుగు" అనకుండా, ఉదయం మొదటి గంట వారిని తొందరపెట్టకుండా ఉంటే అదే పెద్ద సేవ. ఆ గంట గడిస్తే మేమూ అందరివలె మనుషులమే.

ధర్మకర్తలకు చిన్న విన్నపం. మండపంలో గోడవారగా పది కుర్చీలు, ప్రదక్షిణమార్గంలో ఎండవేళ పట్టా, స్నానఘట్టం దగ్గర వేడినీటి ఏర్పాటు ఉంటే కీళ్ళరోగులెందరో మళ్ళీ గుడికి రాగలుగుతారు. కుర్చీలో కూర్చున్నవారిని చూసి ఆచారభ్రష్టులనుకోవద్దని భక్తులకు నా మనవి.

స్వస్థుడంటే తనయందు తాను నిలిచినవాడని అర్థం. ఈ వ్యాధి సమూలంగా పోతుందని ఎవరూ మాట ఇవ్వలేరు. అయినా అది ఉండగానే మనిషి తన స్థానంలో తాను నిలిచి, తన పూజ తాను చేసుకొని, తన అన్నం తన చేతితో కలుపుకొని తినవచ్చును. అందుకు కావలసినది వేళకు మందు, రోజూ కొంత కదలిక, మితమైన ఆహారం, చాలినంత నిద్ర, చుట్టూ ఉన్నవారి దయ. మొదటి నాలుగూ రోగి చేతిలో ఉన్నాయి. అయిదవది మీ చేతిలో ఉన్నది. ఆరోగ్యప్రదాత అయిన ఆ సూర్యనారాయణుడు రెండు పక్షాలవారినీ దారి తప్పకుండా నడిపించుగాక.

స్వస్తి.